రెండో కలం

హైదరాబాద్‌లో ఏం పని చేస్తున్నవని ఊళ్లో ఎవరైనా అడిగితే పట్వారి పని అని చెప్తాను. పాలకుర్తిలో ఆ మాటకు నవ్వేవాళ్లు తక్కువ. అరవై దాటినవాళ్లయితే మొహం తిప్పుకుంటారు. "బంగారం అసొంటి సదువు సదివి గా పట్వారి పనేంది బిడ్డా" అని మా మేనత్త నిజంగానే బాధపడింది. ఏం చెయ్యను, అంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

నేను చూసుకునేది ఒక కంపెనీ నిల్వ కొట్టు. 12 మిషన్లు, వాటిలో 144 డిస్కులు; అన్నీ కలిపి క్లస్టర్ అంటాం. అందులో పడే ప్రతి ఫైలూ ముక్కలై, ఒక్కో ముక్క మూడు నకళ్లుగా మూడు వేర్వేరు మిషన్ల మీదికి చేరుతుంది. ఆ ముక్కలకు తమ ఫైలు పేరేమిటో తెలియదు. ఏ ఫోల్డర్‌కు చెందినవో, యజమాని ఎవరో, ఎవరు చూడొచ్చో ఎవరు చూడకూడదో తెలియదు. ఆ సంగతులన్నీ ఇంకొకరు రాసి పెట్టుకోవాలి. అలా రాసి పెట్టుకునేదే మెటాడేటా సర్వర్. పొట్టిగా ఎండీఎస్ అంటాం. ఏ ఫైలు తెరవాలన్నా ముందు దాని గుమ్మం ముందు నిలబడాల్సిందే.

మా తాత అట్లాంటి గుమ్మం ముందు నిలబడ్డవాడు. ఆయన ఎరిగిన పట్వారికి కచ్చేరీ లేదు. ఇల్లే కచ్చేరీ. ఊరి లెక్కలన్నీ ఎర్ర గుడ్డలో కట్టిన దఫ్తర్‌గా ఆ ఇంటి అటక మీదో, సందుగలోనో ఉండేవి. నిజాం రాజ్యంలో 1853 నుంచి సాలార్ జంగ్ దివానుగా చేసిన సంస్కరణల్లో భూముల కొలత, శిస్తు నిర్ణయం ఒక దారికొచ్చాయి. ఊరికి ముగ్గురు. శిస్తు వసూలుకు మాలీ పటేలు, కొట్లాటలూ దొంగతనాలూ చూసేందుకు పోలీసు పటేలు, లెక్క రాసేందుకు పట్వారి. మూడూ వంశపారంపర్యం. తండ్రి తర్వాత కొడుకు. చాలా ఊళ్లలో మూడు కొలువులూ ఒకటి రెండు ఇళ్లలోనే తిరిగేవి.

పట్వారి ఏటా రాసే పుస్తకం పహాణీ. వరసకొక సర్వే నంబరు. దాని పక్కన విస్తీర్ణం ఎకరాల్లో, గుంటల్లో. నలభై గుంటలు ఒక ఎకరం. ఆ పక్కన పట్టాదారు పేరు, ఇంకో గడిలో అనుభవదారు పేరు. పట్టా ఒకరిది, కాస్తు ఒకరిది కావచ్చు కాబట్టి రెండు గడులు. ఏ పంట, తరా ఖుష్కా (మాగాణా మెట్టా), బావి ఉందా లేదా అన్నవి ఆ తర్వాత. ఈ పుస్తకాన్ని చేలో నిలబడి రాయాలని కాయిదా. ఇంట్లో కూర్చుని రాసినా అడిగేవాడు లేడు. పాత దఫ్తర్లలో ఉర్దూ రాత ఎక్కువ. తన పేరు పక్కన ఏం రాసి ఉందో మా తాతకు పట్వారి చదివి చెప్తేనే తెలిసేది.

ఆ గడుల్లో పేరు ఉండటానికీ లేకపోవటానికీ ఎంత తేడానో మా ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిట్యాల ఐలమ్మది మా ఊరే. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. మల్లంపల్లి మక్తేదారుకు పాలకుర్తిలో ఉన్న భూమిని ఆమె కుటుంబం కౌలుకు తీసుకుంది. దొరలకు ఎదురు నిలిచిన సంఘంలో చేరింది, ఊరి పట్వారి పొలంలో వెట్టి చెయ్యనంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ భూమిని కాగితం మీద తన పేరున రాయించుకుని, పంట కోసుకు రమ్మని మనుషుల్ని పంపాడు. సంఘం వాళ్లు ముందే కోసి ధాన్యం ఐలమ్మ ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో సంఘం మనిషి దొడ్డి కొమరయ్య ప్రాణం పోయి, దొరల మీద పోరాటం సాయుధమయ్యేనాటికి ఈ గొడవ ఊరూరా తెలిసిన కథ. ఐలమ్మ వీరత్వం గురించి చాలామంది రాశారు. నా చూపు మాత్రం ఎప్పుడూ కాగితం మీదికే పోతుంది. దేశ్‌ముఖ్ ముందు పంపింది మనుషుల్ని కాదు, కలాన్ని. పొలంలో ఒక్క గింజ కదలకముందే పొలం చేతులు మారింది.

అంతటి కలం ఒక్కడి చేతిలో ఎందుకు పెట్టినట్టు? దుర్మార్గం ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను. లెక్క ఒకరే రాస్తే దబ్బున తెగుతుంది. ఇద్దరు రాస్తే ఎవరి మాట చెల్లుతుందో తేల్చడానికి మూడో మనిషి కావాలి.

గూగుల్ వాళ్లు 2003లో తమ ఫైల్ సిస్టమ్ గురించి పత్రం వెలువరించినప్పుడు కూడా ఇదే తేలిక దారి పట్టారు. వేల డిస్కులకు మాస్టర్ ఒక్కటే. ఫైళ్లను 64 మెగాబైట్ల చెక్కలుగా కోసి, ఏ చెక్క ఎక్కడుందో మాస్టర్ తన జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. చెక్క మీద రాయాలంటే మాస్టర్ ఒక మిషన్‌కు 60 సెకన్ల లీజు ఇస్తుంది. లీజంటే కౌలే కదా. అరవై సెకన్ల కౌలు, గడువు తీరితే మళ్లీ అడుక్కోవాలి. దాన్ని చూసి పుట్టిన హడూప్‌లో నేమ్‌నోడ్ కూడా చాలా ఏళ్లు ఒంటరిదే. అది పడిపోతే డిస్కులన్నీ నిక్షేపంగా ఉన్నా క్లస్టర్ గుడ్డిదయ్యేది. 2013లో హడూప్ రెండో తరం వచ్చేదాకా పక్కన ఇంకొకదాన్ని సిద్ధంగా ఉంచి తనంతట తాను పని అందుకునే ఏర్పాటు అందులో లేదు.

ఈ విషయంలో మాత్రం నిజాం కాలం పట్వారీలే ముందున్నారు. కొలువు వారసుడు (వతన్‌దారు) పసివాడైనా, పట్నంలో కాపురం పెట్టినా అతని బదులు గుమాస్తా లెక్క రాసేవాడు. మా భాషలో స్టాండ్‌బై. ఏటా జమాబందీ ఉండేది. పైఅధికారి వచ్చి ఊరి లెక్కనూ తాలూకా లెక్కనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి సరిచూసేవాడు. మధ్యలో గిర్దావర్ తనిఖీ వేరే. మేం వారానికోసారి క్లస్టర్‌లో నకళ్లన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూసే పనికీ దీనికీ పెద్ద తేడా లేదు, ఒక్కటి తప్ప: మా దాంట్లో తనిఖీకొచ్చినవాడికి కోడికూర పెట్టనక్కర్లేదు.

నకలు లేని పుస్తకం గతి ఏమిటో చూడాలంటే మాకు దూరం పోనక్కర్లేదు, పక్కనే బమ్మెర. పోతన భాగవతం తాళపత్రాలు చెడిపోతే అయిదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరి రెండూ నారయ రాసి పూరించారు. పుస్తకం నిలబడింది. పోతన రాత మాత్రం ఆ మేరకు తిరిగి రాలేదు.

పుస్తకానికి రెండో నకలు పెట్టడం, రెండో కలం పెట్టడం ఒకటి కావు. ఈ తేడా నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని ఒంటబట్టలేదు. మా ఊరి పెద్దలకు 1984లోనే తెలిసింది.

ఆ జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్స్‌తో పటేల్ పట్వారీ కొలువుల్ని తీసేసింది. ఆంధ్రలో మునసబులూ కరణాలూ అదే దెబ్బకు పోయారు. కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వానిదే సరి అంది. ఊళ్లో సంబరం. మా బాపు అప్పుడు పాతికేళ్ల పిలగాడు. "పట్వారి పోయిండు గని దఫ్తర్ పోలే" అని ఇప్పటికీ అంటాడు. పాత కలం చేతిలోంచి లాక్కున్నారు గాని, పాత పుస్తకాలు అప్పగించేదాకా నడుమ కొంత కాలం గడిచింది. ఆ నడుమ కొన్ని ఊళ్లలో వెనకటి తేదీలతో రాతలు పడ్డాయని పెద్దలు చెప్పుకునే కథలకు లెక్కలేదు. కొత్తగా వచ్చిన మనిషి తన పహాణీ తాను రాస్తున్నాడు. పాతాయన అటక మీది పహాణీలో సిరా ఇంకా ఆరలేదు. మనిషికి రెండు కాగితాలు దొరికితే తనకు పనికొచ్చేదే అసలుదంటాడు.

మా పనిలో దీనికి పేరుంది, స్ప్లిట్ బ్రెయిన్. ఒక ఎండీఎస్ నెట్‌వర్క్ తెగి మిగతావాళ్లకు కనిపించకుండా పోతుంది. చచ్చిపోయిందనుకుని దాని చోట ఇంకొకదాన్ని కూర్చోబెడతాం. అది చావలేదు. వైరు అతుక్కోగానే లేచి, ఏమీ జరగనట్టు తన రాత తాను మొదలుపెడుతుంది. ఒకే పేజీ మీద రెండు కలాలు. అరగంటలో ఏ ఫైలు ఎవరిదో దేవుడికి కూడా తెలియదు.

నేను వాడే సెఫ్ అనే వ్యవస్థను శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సేజ్ వైల్ అనే విద్యార్థి తన పరిశోధనలో భాగంగా తయారుచేశాడు. 2006లో దాని గురించి పత్రం వచ్చింది. ఎనిమిది చేతుల ఆక్టోపస్ చేరిన జీవవర్గం పేరు మీద దానికా పేరు. అందులో ఈ గండం దాటే పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. మానిటర్లని కొన్ని ఉంటాయి, సాధారణంగా బేసి సంఖ్యలో, మూడో అయిదో. పంచాయితీ పెద్దల్లాగ సగానికి మించి ఒక్క మాట మీదుంటేనే తీర్పు. ఎండీఎస్ ప్రతి కొన్ని సెకన్లకూ 'ఉన్నాను' అని వాటికి కబురు పెట్టాలి. 15 సెకన్లు కబురు లేకపోతే దాన్ని పక్కనపెడతారు. అయితే కొత్తదాన్ని కూర్చోబెట్టే ముందు ఒక పని చేస్తారు: 'ఫలానా చిరునామా నుంచి వచ్చే రాతలు ఇక చెల్లవు' అని డిస్కులన్నిటికీ చాటింపు. పాతది తిరిగి లేచి రాసినా కాగితం దాని సిరా పట్టదు. ఆ తర్వాతే కొత్తది పాతదాని దినచర్య పుస్తకం ముందేసుకుని, చివరిదాకా చదివి, ఊళ్లోకి దిగుతుంది. వాడుకదారులందరినీ పేరుపేరునా అడుగుతుంది: మీ చేతిలో ఏ ఫైళ్లు తెరిచి ఉన్నాయి? ఎవరి దగ్గర ఏం హక్కుంది? జవాబులన్నీ కుదిరాకే పనిలో కూర్చుంటుంది. 1984లో చాటింపు మొదట పడి, అప్పగింత ఆ గంటలోనే జరిగి ఉంటే ఎన్ని కోర్టు కేసులు తప్పేవో అని నా మటుకు నేను అనుకుంటాను.

ఇంత తెలిసినవాణ్ని నేనే ఒకసారి బోల్తా పడ్డాను. 2018 వానాకాలం. సెఫ్‌లో ఒకటికి మించిన ఎండీఎస్‌లు ఒకేసారి పనిచేయడం అప్పటికి ఏడాది కిందటే, 2017లో లూమినస్ అనే విడుదలతో నమ్మదగ్గ స్థితికి వచ్చింది. మా దగ్గర పనిలో ఒకటి, కాపలాగా ఒకటి ఉండేవి. లక్షలాది చిన్న ఫైళ్లతో పనిలో ఉన్నదాని జ్ఞాపకం నిండిపోయి నత్తనడక నడుస్తోంది. నాకు కాపలాది కంటబడింది. ఊరికే కూర్చుంది కదా, పనిలో పెడితే పోలా అనుకున్నాను. మాక్స్ ఎండీఎస్ అనే అంకెను 1 నుంచి 2 చేశాను. ఒక్క అంకె. ఎంటర్ నొక్కగానే కాపలాది లేచి రెండో ఆసనంలో కూర్చుంది. కొట్టు ఉరకలేసింది. నేను చాయ్ తాగొచ్చాను.

నాలుగో రోజు రాత్రి ఆ రెండో మిషన్ పవర్ సప్లై కాలిపోయింది. దాని బదులు కూర్చోడానికి ఎవరూ లేరు, ఉన్న ఒక్క గుమాస్తానూ నేనే పట్వారిని చేసేశాను మరి. కొట్టులో సగం ఫోల్డర్లు మామూలుగా తెరుచుకుంటున్నాయి, సగం తెరవబోతే తెర బిగుసుకుపోతోంది. ఏది ఏ సగమో చెప్పడం కూడా కష్టమే. డిస్కులు 144కు 144 క్షేమం. ఫైలు ఒక్కటీ పోలేదు. తెల్లవారి అయిదింటికి ఇంకో మిషన్ మీద ఎండీఎస్ లేపి కూర్చోబెట్టేదాకా నా చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

ఇప్పుడు కొత్తదాన్ని చేర్చాలంటే నా పద్ధతి మారింది. ముందు క్లస్టర్ ఆరోగ్యం చూస్తాను. ఏ నకలైనా సరిపడా లేదని గొణుగుతుంటే ఆ రోజు పని అంతటితో బంద్. ఎండీఎస్‌కు సొంత డిస్కు లేదని కొత్తవాళ్లకు చెప్తే నమ్మరు. దాని పుస్తకం కూడా క్లస్టర్‌లోనే, మెటాడేటా పూల్ అనే వేరే అరలో మూడు నకళ్లుగా ఉంటుంది. ఆ అర వేగమైన డిస్కుల మీద ఉందా, చోటుందా చూస్తాను. దినచర్య పుస్తకానికి ఒక నకలు తీసి క్లస్టర్ బయట దాస్తాను. కొత్త ఎండీఎస్‌ను మొదట కాపలాగానే నిలబెడతాను, పనిలో పెట్టను. గడియారం తేడా ఉందా, నెట్‌వర్క్ ఊగుతోందా అని ఒకటి రెండు రోజులు గమనిస్తాను. తర్వాత పట్టపగలు, అందరికీ చెప్పి, పనిలో ఉన్నదాన్ని నేనే పడగొడతాను. కొత్తది లేచి అందుకుందా? ఎన్ని సెకన్లు పట్టింది? ఈ పరీక్ష నెగ్గాక, ఇంకో కాపలా మిషన్ మిగిలి ఉందని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాకే ఆ అంకె ముట్టుకుంటాను. కొత్త విడుదలకు మారేటప్పుడు మళ్లీ ఆ అంకెను 1కి దించుతాను. అప్పుడు రెండోది తన చేతిలోని ఫోల్డర్లన్నీ మొదటిదానికి అప్పజెప్పి దిగిపోయేదాకా ఆగుతాను. ఆ దిగిపోవడం ఒక్కోసారి గంటలు పడుతుంది. మధ్యలో బలవంతంగా ఆపినవాళ్లు పడ్డ అవస్థలు చూశాక నేను తొందరపెట్టను.

అప్పజెప్పడంలోనే అసలు పనితనం ఉంది. ఒక ఫోల్డర్ కొమ్మ మొదటిదాని చేతిలోంచి రెండోదాని చేతిలోకి పోవాలి. ఇచ్చేది ముందు ఆ కొమ్మ మీద రాతలన్నీ ఆపుతుంది. తీసుకునేది 'అందుతోంది' అని తన దినచర్యలో రాసుకుంటుంది. అప్పుడు ఇచ్చేది 'ఇచ్చేశాను' అని రాస్తుంది. అది పడ్డాకే తీసుకునేది 'ముట్టింది' అంటుంది. నడిమధ్య ఎవరు కూలినా రెండు దినచర్యలూ పక్కపక్కన పెట్టి కొమ్మ ఎవరిదో తేల్చుకోవచ్చు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. రాష్ట్రమంతా వెయ్యికి పైగా. పాలకుర్తి మండల కేంద్రమైంది. జనం తాలూకా కచ్చేరీకి పోయే బస్సు ఛార్జీలు మిగిలాయి. ఆలోచన మంచిదే, బరువెక్కిన ఒక్క కలం పనిని నాలుగు చేతులకు పంచడమే కదా. తాలూకా కచ్చేరీల నుంచి బస్తాలు ఎడ్ల బండ్ల మీద, ట్రాక్టర్ల మీద కొత్త ఆఫీసులకు వచ్చాయని బాపు చెప్తాడు. ఏ బస్తాలో ఏముందో రాసిన చిట్టీ బస్తాతోపాటు వచ్చిందా, ముట్టినట్టు ఎవరైనా దస్కతు పెట్టారా అంటే ఆయనకు తెలియదు. అప్పటికే ఊళ్లో పట్వారి లేడు, అడిగితే నోటితో చెప్పడానికి. ఏ కొమ్మ అప్పగింతకైనా అదే చెడ్డ గడియ: పాత కలం దించేశారు, కొత్త కలం ఇంకా ఎత్తలేదు, పుస్తకం బండి మీద ఉంది.

ఆ తర్వాత విలేజ్ అసిస్టెంట్లు, వీఏవోలు, పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు. పేర్లు మారుతూ వచ్చాయి, ఆ పేర్లన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. 2016 అక్టోబరులో పాలకుర్తి వరంగల్ జిల్లా నుంచి జనగామ జిల్లాకు మారింది. ఇంకోసారి బస్తాలు. 2020 సెప్టెంబరు 7న వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ మధ్యాహ్నం మూడింటిలోగా స్వాధీనం చేసుకోవాలని హుకుం వచ్చింది. మర్నాటి నుంచి రిజిస్ట్రేషన్లు బంద్. అక్టోబరు 29న భూరికార్డుల వెబ్‌సైటు ధరణి మొదలైంది. రాతలన్నీ ఆపి, పాత కలాలన్నీ ఒకే రోజు వాపసు తీసుకుని, తర్వాత కొత్త పుస్తకం తెరవడం. ఆ వరస చూసి, పనివాడిగా నేను మెచ్చుకున్న మాట వాస్తవం. మెచ్చుకోనిది ఇంకొకటి: కొత్త పుస్తకంలోకి ఎక్కించిన పాత రాత తప్పైతే దాన్ని దిద్దే కలం తేలిగ్గా ఎవరి చేతికీ ఇవ్వలేదు. 2025 ఏప్రిల్‌లో ధరణి చోట భూభారతి వచ్చి అప్పీళ్లకు దారి తెరిచింది. ఊరికొక మనిషి ఉండాలన్న మాట మళ్లీ మొదటికొచ్చింది.

మా తాత కొన్నది రెండెకరాల పది గుంటలు. ఆ కాగితం ఇంట్లో ఉంది. పోయిన దసరాకు ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో మా భూమి వివరాలు తీసి బాపుకు చూపించాను. రెండెకరాల ఎనిమిది గుంటలు. బాపు కళ్లజోడు సర్దుకుని, ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు. "రెండు గుంటలు యాడికి పొయినయ్‌రా" అన్నాడు.

ఇట్లాంటివి వెతకడమే నా పని కాబట్టి వదల్లేదు. సెలవు పెట్టి పహాణీ నకళ్లు ఒక్కో ఏడాదివీ తీయించాను. 1954-55 ఖాస్రా పహాణీలో ఆ నంబరు అమ్మినాయన పేరు మీద ఉంది, విస్తీర్ణం సరిపోయింది. తాత పేరెక్కిన ఏడాది సరిగ్గానే ఉంది. 1983-84లో రెండు ఎకరాల పది. 1985-86లో రెండు ఎకరాల ఎనిమిది. నడిమి ఏడాది పేజీ కావాలన్నాను. లోపలికి పోయి చూసొచ్చినాయన ఆ సంవత్సరం దఫ్తర్‌లో లేదన్నాడు.

బాపు మాత్రం ఈ ఏడు కూడా ఈ చివరి గెట్టు నుంచి ఆ చివరి గెట్టుదాకా, రెండెకరాల పది గుంటలూ దున్ని పత్తి పెట్టాడు.